పద్నాలుగు పలకలతో వెలగపూడికి

మార్కాపురం నుంచి వెలగపూడి వెళ్ళి రావడానికి ఒక పగలు చాలు. పొద్దున ఆరు గంటల బండి ఎక్కితే పదకొండులోగా శాసనసభ గేటు ముందు ఉంటారు. పని ముగించుకుని సాయంత్రం బండికి గుంటూరులో కూర్చోవచ్చు. పనేమిటని అడుగుతారేమో. మేము పోయింది ఒక పొయ్యి అడగడానికి.

నా పేరు మస్తాను. బస్టాండు పక్క సందులో పలకల దుకాణం నాది. నేను చెప్పిన దాంట్లో సగం తీసేసి వినమని మా ఆవిడ వచ్చిన గిరాకీలందరికీ ముందే చెప్పేస్తుంది. ఈ ప్రయాణం మాత్రం మొత్తం వినండి. మధ్యలో ఎక్కడైనా కోతలు కోసి ఉంటే ఆ చోటు నేనే చూపిస్తాను.

పెద్దారవీడు దాటి నల్లమల వైపు పోతే తేనెచెలమ అనే చెంచుగూడెం వస్తుంది. అక్కడ పద్నాలుగు ఇళ్ళలో ఇంటికొకరు చొప్పున ఐదేళ్ళలోపు పిల్లలున్నారు. అంగన్‌వాడీ కేంద్రం పెద్ద ఊళ్ళో ఉంది. మూడు కిలోమీటర్ల దూరం, మధ్యలో వాగు. తల్లులు తెల్లారకముందే అడవికో కూలికో పోతారు. రెండేళ్ళ పిల్ల ఒక్కతే వాగు దాటిపోయి వేడి అన్నం, గుడ్డు తిని రాలేదు కదా. పోనీ సరుకులు ఇంటికే ఇస్తే, ఇంట్లో ముసలివాళ్ళూ పెద్దపిల్లలూ అందరూ పంచుకోగా చిన్నదాని నోటికి చేరేది రెండు ముద్దలు. అందుకని మేము అడిగేది ఒక్కటే. గూడెంలోనే పొయ్యి పెట్టాలి, వండి వడ్డించడానికి ఒక మనిషి కావాలి, ఆ ఖర్చు ఈ బడ్జెట్‌లో కనపడాలి. ఆ గూడెం ఒక్కదానికే కాదు, ఇలా వాగులకు అవతల ఉన్న గూడేలన్నిటికీ.

ఈ పని మొదలుపెట్టింది అంజమ్మక్క. పెద్దారవీడులో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయిన మనిషి. గూడెంలో ఇంటికొక పలక గోడకు తగిలించి, నెలనెలా పిల్ల తూకం దాని మీద బలపంతో రాయించడం ఆమె ఆలోచనే. పలకలు మా దుకాణంవి. చదువురాని తల్లులు కూడా తమ పలక మీది అంకె పెరిగిందా తగ్గిందా అన్నది ఇట్టే చెప్పేస్తారు. ఆ తర్వాత ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాం. చివరికి పిల్లల సంక్షేమం చూసే సభా కమిటీలో ఉన్న ఒక ఎమ్మెల్యే మేడం, కోస్తా వైపు ఆవిడ, బుధవారం పదకొండు గంటలకు పది నిమిషాలిస్తామని కబురు పంపారు.

ప్రయాణమైంది నలుగురం. అంజమ్మక్క, గూడెం నుంచి గురవమ్మ, ఆమె చంకలో రెండున్నరేళ్ళ మల్లి, నేను. నన్నెందుకు తీసుకుపోతున్నదీ అక్క ముందే తేల్చి చెప్పింది.

"పలకలు మొయ్యటానికి మస్తానూ, మాట్లాడ్డానికి కాదు. నువ్వు నోరు తెరిస్తే పద్నాలుగు మంది బిడ్డలు పద్నాలుగు వేలయితారు."

మల్లి గురించి ఒక మాట చెప్పాలి. అంజమ్మక్క దగ్గర మూడు రంగుల టేపు ఉంటుంది. పిల్ల జబ్బకు చుట్టి చూస్తే పచ్చ వచ్చిందంటే పర్వాలేదు, పసుపు వస్తే కనిపెట్టుకుని ఉండాలి, ఎరుపు వస్తే ప్రమాదం. మల్లిది ఎరుపు. అంతకుముందు ఆసుపత్రిలో పదిహేను రోజులుంచి, వేళకు వండిపెట్టి, పసుపులోకి తెచ్చి పంపారు. గూడేనికి వచ్చిన రెండు నెలల్లో మళ్ళీ ఎరుపుకు పోయింది. ఎరుపులో ఉండగా చిన్న జ్వరం తగిలినా ఈసారి పిల్ల తట్టుకోలేదని డాక్టరు చెప్పాడట. ఆ మాట విన్న రోజే తాను కూడా వస్తానని గురవమ్మ అంజమ్మక్క ఇంటికి నడిచొచ్చింది. అప్పటిదాకా ఆమె ఎక్కిన రైలు లేదు.

మంగళవారం సాయంత్రానికి పద్నాలుగు ఇళ్ళ పలకలూ బుట్టలో పెట్టుకుని గురవమ్మ మార్కాపురం వచ్చింది. గోడల మీద నుంచి దించి తల్లులే చేతికిచ్చారట. ఆ పూట మా ఇంట్లోనే ఉంది. బుధవారం ఐదింటికి నేను దుకాణం తీసి పలకలు కట్ట కట్టాను. పలకలు కట్టడంలో నన్ను మించినవాడు నల్లమలకు ఇటుపక్క లేడు. ఒక పలక, ఒక కాగితం, మళ్ళీ ఒక పలక, అడ్డంగా రెండు వరసలు పురికొస, పైన గోనెపట్ట. రైలు కింద పడ్డా అంచు పగలదు. ఇది కోత కాదు.

ఆటోలో స్టేషనుకు వచ్చేసరికి ఆరుకు పది నిమిషాలు. జనరల్ టికెట్లు మూడు తీసుకున్నాం. మల్లికి టికెట్ అక్కర్లేదు. బండి ఆరూ పదికి కదిలింది. (వేళలు మారుతుంటాయి, ముందురోజే అడిగి పెట్టుకోండి. కుడివైపు కిటికీ పట్టుకుంటే పొద్దున ఎండ మొహాన కొట్టదు అంటారు. నమ్మొద్దు, కొడుతుంది.)

కిటికీలోంచి పొలాలు వెనక్కి పోతుంటే గురవమ్మ కాసేపు కళ్ళు మూసుకుంది.

"ఏమ్మా, తల తిరుగుతాందా?" అని అడిగాను.

"లేదన్నా. ఇంత జోరుగా పోతాంటే దారి గురుతు పెట్టుకునేది ఎట్లా అని" అంది.

ఏడు గంటలకు దొనకొండ దాటాం. మా ఆవిడ కట్టిచ్చిన బొరుగుల ఉగ్గాని విప్పాం. మల్లి నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని తల తిప్పేసుకుంది. కురిచేడులో ఒక మిరప రైతు ఎక్కి నా గోనెమూట మీద కాలు పెట్టబోయాడు.

"పెదనాయనా, కాలు తియ్యి. అయి మార్కాపురం పలకలు" అన్నాను.

"అయితే ఏందంట?"

ఇంకేముంది, మొదలుపెట్టాను. మా పలకరాయి గనిలోకి ఒకసారి చిరుతపులి దిగిందనీ, నిగనిగలాడే పలకలో తన మొహం తానే చూసుకుని, ఇంకో చిరుత ముందే వచ్చి ఉందనుకుని రెండు కాళ్ళూ జోడించి వెనక్కి వెళ్ళిపోయిందనీ చెప్పాను. (ఇది కోత.) రైతు శ్రద్ధగా విన్నాడు.

"పులి దణ్ణం పెట్టిందా?"

"పెట్టింది."

"ముందు కాళ్ళతోనా, ఎనక కాళ్ళతోనా?"

పెట్టెలో అందరూ నవ్వారు. గురవమ్మ కూడా. అడవిలో చిరుతను నిజంగా చూసిన మనిషి ఆమె ఒక్కతే. "అన్న చూసింది పిల్లి అయ్యుంటాది" అని తీర్పు చెప్పేసింది.

వినుకొండలో రైతు దిగిపోయాడు. ఎనిమిది దాటాక, నరసరావుపేట వస్తుందనగా, మేడంకు ఏ పలక మొదట చూపించాలో సరిచూసుకుందామని అంజమ్మక్క మూట విప్పించింది. పైకాగితం తీసింది. మొదటి పలక నల్లగా మెరుస్తూ ఉంది. అంకె లేదు. రెండోదీ అంతే. మూడోది చేతిలోకి తీసుకుని ఆమె నా వైపు చూసింది.

"మస్తానూ, వీటిమీద తూకాలేవి?"

పద్నాలుగూ విప్పి చూశాం. ఒక్కదాని మీద కూడా గీత లేదు. నా చేతివేళ్ళ సందుల్లో మాత్రం తెల్లటి పొడి ఇంకా కొంచెం మిగిలి ఉంది.

పలకల వ్యాపారి ఎవరైనా గిరాకీకి పలక ఇచ్చేముందు తడిగుడ్డతో తుడిచి ఇస్తాడు. దుమ్ముతో ఇస్తే దుకాణానికి తలవంపు. ఇరవై ఏళ్ళుగా నా చెయ్యి చేస్తున్న పని అది. పక్కన బకెట్, బకెట్‌లో గుడ్డ, చేతిలో పలక. కట్ట కట్టేటప్పుడు నా బుర్ర ఎక్కడుందో గాని చెయ్యి మాత్రం తన పని తాను చేసేసింది. పద్నాలుగు మంది పిల్లల ఏడాది తూకాలు బకెట్‌లో కలిసిపోయాయి.

అంజమ్మక్క నెత్తి పట్టుకుంది. "రిజిస్టర్ ఇంటికాడ్నే ఉంది. ఇల్లు తాళం. గూడేనికి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేకపాయె."

గురవమ్మ ఒక్కో పలకా తిప్పి వెనక వైపు కూడా చూసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నాకొక ఉపాయం తోచింది. నా దగ్గర ఉపాయాలకేం కొదువ. జేబులోంచి బలపం తీశాను. పద్నాలుగు అంకెలు రాయడం ఎంతసేపు, రెండు నిమిషాల పని. ఎనిమిది, ఏడున్నర, తొమ్మిది. అటూ ఇటూ అవే కదా. ఎవరొచ్చి తూచి చూస్తారు? ఒక పలక ఒళ్ళో పెట్టుకుని ఏడు అంకె సగం దాకా రాశాను. గురవమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఇది ఎవురి బిడ్డదన్నా?"

"ఎవరిదో ఒకరిది. ఏదో ఒక బిడ్డదిలేమ్మా."

"ఏదో ఒక బిడ్డ మా గూడెంలో లేదన్నా. అందరికీ పేర్లుండాయి."

పెట్టెలో అంతమంది ఉన్నా నాకు ఆ మాటొక్కటే వినపడింది. సగం రాసిన ఏడును చొక్కా అంచుతో తుడిచేశాను.

"అయితే పేర్లే చెప్పమ్మా, రాస్తాను" అన్నాను.

నరసరావుపేట నుంచి గుంటూరు దాకా అదే పని. ఆమె చెప్పడం, నేను రాయడం, అంజమ్మక్క సరిచూడడం. మల్లి. ఈదన్న. పోతమ్మ. లింగడు. చిన్నంకన్న. ఒకే సినిమా హీరో పేరు పెట్టుకున్న ఇద్దరు మగపిల్లలు ఉన్నారు. వాళ్ళలో ఒకడిని పొట్టోడంటారట. "పలక మీద పొట్టోడని రాయొద్దన్నా, పెద్దయినంక చూసుకుంటాడు" అని గురవమ్మ జాగ్రత్త చెప్పింది. తూకాలు మాత్రం ఆమెకు రెండే కచ్చితంగా తెలుసు. తన బిడ్డ మల్లిది ఎనిమిదిన్నర కిలోలు, తన తోడబుట్టిన అక్క కొడుకు ఈదన్నది తొమ్మిది. ఆ రెండూ రాశాం. మిగతా పన్నెండు పలకల మీద పేరు ఉంది, కింద చోటు ఖాళీగా ఉంది.

తొమ్మిదీ పావుకు గుంటూరు. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, మంగళగిరి మీదుగా బస్సు, అక్కడి నుంచి ఆటో. పదీ నలభైకి గేటు ముందు దిగాం. పాసులు ముందే మేడం మనిషి పంపి ఉన్నాడు. ఆధార్ కార్డులు మరిచిపోకండి. చిక్కు ఆధార్ దగ్గర రాలేదు, మూట దగ్గర వచ్చింది.

"ఏంటండీ ఇవి?" అన్నాడు గేటు దగ్గర పోలీసు.

"పలకలు సార్."

ఒకటి తీసి వేలితో కొట్టి చూశాడు. "రాళ్ళు కదండీ. రాళ్ళు లోపలికి పంపకూడదు. అదీ పద్నాలుగు."

నిజమే. రాళ్ళే. మా ఊరు బతికిందే ఆ రాళ్ళ మీద, ఆయనకు కాదని ఎట్లా చెప్పను? గురవమ్మ ముందుకొచ్చి ఒక పలక ఆయన కళ్ళ ముందు పెట్టింది.

"చదువు సార్."

"పోతమ్మ" అని చదివాడు.

"ఇంగోటి."

"లింగడు." ఆరు దాకా చదివి ఆగాడు. "ఎవరమ్మా వీళ్ళంతా?"

"మా బిడ్డలు. వాళ్ళు రాలేరు గద, పేర్లొచ్చినాయి."

ఆయన పైవాళ్ళతో ఫోన్‌లో రెండు ముక్కలు మాట్లాడి, మూట తానే ఎత్తి స్కానర్ మీద పెట్టాడు. అవతలి వైపు దించి ఇచ్చింది కూడా ఆయనే.

పదకొండున్నరకు పిలిచారు. మేడం పెద్దగా హడావుడి లేని మనిషి. మల్లిని చూసి బిస్కెట్ ప్యాకెట్ తెప్పించి, తర్వాత టేబుల్ మీద పలకలు వరసగా పెట్టించింది.

"పేర్లు సరే. కింద తూకం ఉండాలి కదా? రెండింటికే ఉందేంటి?"

మీ దగ్గర దాచడమెందుకు, నా నాలుక మీదికి ఒక అందమైన అబద్ధం వచ్చి కూర్చుంది. 'తూకం కాటా కూడా చేరలేని గూడెం మేడం, అందుకే ఖాళీ!' వినడానికి ఎంత బాగుందో చూడండి. పేపర్లో హెడ్డింగు పెట్టవచ్చు. అంజమ్మక్క నా కాలు తొక్కింది. గురవమ్మ తొక్కలేదు, ఊరికే నా మొహం వైపు చూసింది.

"నేను తుడిచేశాను మేడం" అన్నాను. "పలకల దుకాణం నాది. కట్టేముందు తుడవడం అలవాటు. పొద్దున తెలీకుండా అన్నీ తుడిచేశాను. అసలు లెక్కలు అక్క రిజిస్టర్‌లో ఉన్నాయి. రేపే పంపిస్తాం."

మేడం వెనక నిలబడ్డ పీఏ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మేడం కూడా నవ్వింది. "దార్లో ఏదో ఒకటి రాసేసుంటే నాకేం తెలిసేది?"

"రాయబోతాంటే చెయ్యి పట్టుకునింది నేనేనమ్మా" అంది గురవమ్మ. "అబద్ధం రాస్తే మీరు అబద్ధానికే ఇస్తారు. మా బిడ్డలకు యాడ చేరుతుంది?"

నవ్వు ఆగింది. మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది. గురవమ్మ అంజమ్మక్క చేతిలోంచి టేపు తీసుకుని, మల్లి జబ్బకు చుట్టి, చిన్న గీత ఎక్కడ ఆగిందో చూపించింది. ఎరుపులో. ఆ టేపు అడ్డం రెండు వేళ్ళంత కూడా ఉండదు. ఆ గదిలో ఎవరూ దాని మీంచి కళ్ళు తీయలేకపోయారు.

"నా బిడ్డకు రోగం లేదమ్మా. ఆకలుండాది. ఆసుపత్రిలో మూడు పూటలా వండిపెట్టినారు, లేచి ఆడుకునింది. గూడేనికి తెచ్చుకుంటే మళ్ళీ ఇట్లయింది. ఆసుపత్రిలో మందు కంటే అన్నమే పని చేసింది. ఆ అన్నమేదో మా గూడెంలోనే వండితే ఆసుపత్రికి పోయే పనేముండాది?"

"కేంద్రం ఉంది కదమ్మా దగ్గర్లో?"

"ఉందమ్మా. వాగుకు ఈ పక్క మేము, ఆ పక్క అన్నము."

ఇరవై ఏళ్ళుగా కోతలు కోస్తున్నవాణ్ణి నేను. అట్లాంటి మాట ఒక్కటి నా నోట రాలేదు. పది నిమిషాలన్నవాళ్ళు నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఇది కోత కాదు, గోడ గడియారం చూశాను. రాష్ట్రంలో ఇట్లా వాగుల అవతల ఉన్న గూడేలెన్ని, పొయ్యికి ఎంతవుతుంది, మనిషికి ఎంతివ్వాలి, అన్నీ అంజమ్మక్కను అడిగి రాసుకున్నారు. తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియవని చెప్పింది. లేచేటప్పుడు మేడం అంది: "ఈ పూట పద్దుల మీద నాకు మాట్లాడే అవకాశం ఉంది. ఈ పేర్లు నేను రాసుకోవచ్చా?"

"రాసుకోమ్మా. తప్పు లేకుండా" అంది గురవమ్మ.

బయటికొచ్చి రోడ్డు పక్క హోటల్లో భోజనాలు చేశాం. పప్పు, గోంగూర, మల్లికి ఒక ఉడికిన గుడ్డు. అక్కడ టీవీలో సభ లైవ్ వస్తూ ఉంది. రెండు దాటాక మేడం లేచి నిలబడింది. మొదటి వాక్యంలోనే "పెద్దారవీడు మండలం, తేనెచెలమ గూడెం" అంది. బస్సు బోర్డు మీద గాని, ఏ కూడలి రాతి మీద గాని ఎన్నడూ ఎక్కని పేరు అది. తర్వాత పిల్లల పేర్లు చదవడం మొదలుపెట్టింది. మల్లి, ఈదన్న, పోతమ్మ. టైమ్ అయిందని గంట కొట్టారు. ఆమె ఆపలేదు. తొమ్మిదో పేరు దాకా పోయింది. రెండోసారి గంట మోగాక కూర్చుంది.

హోటలాయన గరిటె పట్టుకునే వచ్చి సౌండ్ పెంచాడు. భోంచేస్తున్న డ్రైవర్లు తినడం ఆపి చూస్తున్నారు. గురవమ్మ మాత్రం టీవీని చూడడం లేదు, చూస్తున్న మనుషులను ఒక్కొక్కరినీ చూస్తూ ఉంది.

"పొట్టోని పేరు రాలేదన్నా" అంది.

"పదోది కదమ్మా. గంట కొట్టినారు."

"ఇంటికి పోయినంక వాళ్ళమ్మకు నువ్వే చెప్పుకో."

మంత్రి లేచి, పరిశీలిస్తామన్నాడు. పరిశీలన అంటే ఏమిటో జిల్లాకు పడమటి కొసన ఉండే మా వాళ్ళకు ఎవరూ వివరించనక్కర్లేదు. అయినా నా ఛాతీ పొంగి చొక్కా గుండీలు బిగుసుకున్నాయి. మా మార్కాపురం పలకలు ఏ ఏ దేశాలకు పోయాయో నేను చాలా కథలు చెప్పాను. శాసనసభకు పోయింది మాత్రం ఇదే మొదలు. పైగా ఆ కథలో నేను చేసిన పని తుడవడం ఒక్కటే.

సాయంత్రం నాలుగూ ఇరవైకి గుంటూరులో తిరుగుబండి. సీట్లు దొరికాయి. మల్లి అంజమ్మక్క ఒళ్ళో నిద్రపోయింది. పక్కన కూర్చున్న నరసరావుపేట ఆడమనిషి పలకలు చూసి కథంతా అడిగింది. నేను నోరు తెరవకముందే గురవమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా ఒక ముక్క ఎక్కువ లేదు. ఆ మనిషి చివరికి, "మా తండాలో కూడా ఇదే బాధ. పాసు ఎట్లా తీసుకోవాలి?" అని అడిగి, అంజమ్మక్క నంబరు ఫోన్‌లో ఎక్కించుకుంది. మీలో ఎవరైనా ఇట్లాంటి పని మీద పోదలుచుకుంటే నేను చెప్పగలిగింది ఇదే: అడిగేది ఒక్కటే ఉండాలి, అది చిన్న మాటలో పట్టాలి, మీతో వచ్చే మనిషి ఆ బాధ పడిన మనిషై ఉండాలి. నాలాంటి వాణ్ణి మూట మొయ్యడానికి తీసుకుపోండి.

వినుకొండ దాటి, పొలాల మీద ఎండ పచ్చబడే వేళకు అంజమ్మక్క ఫోన్ మోగింది. జిల్లాలో పిల్లల సంక్షేమం చూసే ఆఫీసరు. అక్క స్పీకర్ పెట్టింది.

"అమ్మా, సభలో మీ గూడెం పేరు వచ్చిందట. పై నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఎల్లుండి శుక్రవారం పొద్దున్నే వస్తున్నాం. పొయ్యి ఎక్కడ పెట్టాలో చూడాలి. పిల్లలందరినీ మళ్ళీ తూచాలి. అసలు ఆ గూడేనికి దారెట్లా?"

అక్క ఫోన్‌ను గురవమ్మ చేతికిచ్చింది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని, మొహానికి దూరంగా పెట్టుకుని, గట్టిగా చెప్పింది.

"పెద్దారవీడు కాడ బస్సు దిగు సార్. పడమటికి తిరుగు. ఊరు దాటినంక రెండు బోరింగులొస్తాయి, రెండోదాని కాడ ఎడం చేతికి రా. వాగు కనపడతాది. మోకాళ్ళ దాకనే ఉంటాది, భయం లేదు, చెప్పులు చేతిలో పట్టుకో. ఎక్కినంక ఎవుర్నడిగినా మల్లి ఇల్లు చూపిస్తారు."



"అంటే జీపు రాదా అమ్మా? రోడ్డు లేదా?"

"లేదు సార్" అంది గురవమ్మ. "దానికి మళ్ళా పోతాంలే. ముందు నువ్వు నడిచి రా."